పొయ్యి మళ్లీ ఎవరు వెలిగిస్తారు?

మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చివరికి ఒకే మాట దగ్గరికి వస్తుంది. "మీ అమ్మ జీవితమంతా టెన్షన్ పడిందే, అందుకే బుర్ర ఇలా అయిపోయింది." నాన్న పోయాక అప్పులు తీర్చిన ఏళ్లు, నా పెళ్లి, తమ్ముడి ఉద్యోగం ఊడటం, అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెబుతుంది. ప్రేమతోనే అంటుంది, నాకు తెలుసు. అయినా విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ మాటలో మా అమ్మ మీద ఒక నింద ఉంది. ఇంకాస్త నిబ్బరంగా ఉండి ఉంటే ఈ మతిమరుపు జబ్బు వచ్చేదే కాదన్నట్టు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను, ఇరవై ఏళ్లుగా బోర్డు మీద కణం బొమ్మలు వేస్తున్నాను. "అది మనసుకొచ్చే టెన్షన్ కాదు పెద్దమ్మా, మెదడులో కణాలకే ఒక రకమైన స్ట్రెస్ వస్తుంది" అన్నానో లేదో, "అదేగా నేను మొత్తుకునేది!" అంది.

అక్కడితో వదిలేయొచ్చు. కానీ ఈ రెండు స్ట్రెస్‌లూ ఒకటే అనుకోవడం వల్ల మన ఇళ్లలో చాలా నష్టం జరుగుతోందని నాకు గట్టిగా అనిపిస్తుంది. కాబట్టి ఆ రాత్రి మళ్లీ మొదలుపెట్టాను.

పెద్దమ్మ అంటే మా ఊళ్లో పెళ్లిళ్ల వంటశాల. ఎంత మంది వంటవాళ్లను పెట్టుకున్నా సరే, గాడిపొయ్యిల దగ్గర పీట వేసుకుని ఆమె కూర్చుంటే తప్ప పెళ్లివారికి ధైర్యం ఉండదు. అందుకని అటు నుంచి చెప్పాను. కణంలో ఒక వంటశాల ఉంటుంది పెద్దమ్మా, ప్రోటీన్లలో చాలావాటికి అక్కడే సరైన మడత పడుతుంది, అక్కడి నుంచే అవి వడ్డనకు వెళ్తాయి. (ఇంటర్లో బైపీసీ చదివిన వాళ్లకు అంతర్జీవద్రవ్యజాలం గుర్తుండే ఉంటుంది, అదే ఈ వంటశాల.) ఒక్కోసారి వాయి తర్వాత వాయి పాడవుతుంది, పాకం ముదిరిన లడ్డూలు గుట్ట పడినట్టు మడత సరిగ్గా పడని ప్రోటీన్లు పేరుకుపోతాయి. అప్పుడు నువ్వైతే ఏం చేస్తావ్?

"పొయ్యిలు ఆపమంటాను. ముందు ఆ పాడైంది తీసి అవతల పెట్టి, గంగాళాలు కడిగి, అప్పుడు మళ్లీ అంటించమంటాను."

కణం చేసేదీ అచ్చంగా ఇదే. పాడైన సరుకు పెరిగిందని పసిగట్టే ప్రోటీన్ పేరు పెర్క్. అది ఇ.ఐ.ఎఫ్.2 ఆల్ఫా అనే ఇంకో ప్రోటీన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అంతే, కణంలో కొత్త ప్రోటీన్ల తయారీ చాలావరకు ఆగిపోతుంది. లోపలి పని సర్దుకున్నాక గాడ్34 అనే ప్రోటీన్ ఆ ఫాస్ఫేట్‌ను తీయిస్తుంది, తయారీ మళ్లీ మొదలవుతుంది. కణానికి స్ట్రెస్ అని మేం అనేది దీన్నే. అప్పులవాడు గుమ్మం ముందు నిలబడ్డాడని వచ్చే స్ట్రెస్ కాదిది. ఇలాంటి ఏర్పాటు ఒకటుందని ఈస్ట్ కణాల్లో మొదట విడమర్చిన పీటర్ వాల్టర్, కజుతోషి మోరీలకు 2014లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు.

పెద్దమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "మరి పాడైంది వస్తూనే ఉంటే? ఆ పొయ్యి మళ్లీ ఎవరు వెలిగిస్తారే?"

ఆమె ఏడో తరగతితో చదువు ఆపేసింది. కానీ ఈ ప్రశ్నతోనే ఏళ్లకేళ్లు గడిపిన శాస్త్రవేత్తలున్నారు, వాళ్లలో ముఖ్యమైన మనిషి జొవానా మలూచి. బ్రిటన్‌లో న్యూరాలజీ డాక్టర్, పరిశోధకురాలు. మొదట లండన్‌లో, తర్వాత లెస్టర్‌లోని ఎంఆర్‌సీ టాక్సికాలజీ యూనిట్‌లో, ఆపైన కేంబ్రిడ్జ్‌లో పనిచేశారు. 2022లో ఆల్టోస్ ల్యాబ్స్ వారి కేంబ్రిడ్జ్ సంస్థలో చేరారు.

ఆమె పనంతా ముఖ్యంగా ప్రయాన్ జబ్బు ఉన్న చిట్టెలుకల మీద. ప్రయాన్ అంటే తప్పుగా మడత పడిన ఒక ప్రోటీన్, తన పక్కనున్న మంచి ప్రోటీన్లను కూడా తనలాగే వంకర తిప్పేస్తుంది. పిచ్చి ఆవు జబ్బుకు కారణం ఇదే. మనుషుల్లో ఇది అరుదు, కానీ ఎలుకల్లో దీన్ని వారాల లెక్కన గడియారం పెట్టినట్టు చూడొచ్చు, అదే దీనితో ఉన్న సదుపాయం. ఆమె వాడిన ఎలుకల్లో ప్రయాన్ ఎక్కించిన 7వ వారం ప్రాంతంలో నాడీకణాల మధ్య అతుకులు, అంటే సైనాప్స్‌లు, తగ్గడం మొదలవుతుంది. 9వ వారానికి ప్రోటీన్ల తయారీ ఒక్కసారిగా పడిపోతుంది. 10వ వారానికి నాడీకణాలు చచ్చిపోతుంటాయి. 12వ వారానికి ఎలుక పోతుంది.

ఎలుకకు తేడా చేసిందని ఎలా తెలుస్తుందంటారా? ఒక గొట్టం నిండా తిండి గుళికలు పోసి దాని బోనులో పెడతారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఆకలి ఉన్నా లేకపోయినా ఆ గుళికల్ని కాళ్లతో తవ్వి బయటికి తోసేస్తుంది, కలుగు తవ్వడం దాని స్వభావం. జబ్బు మొదలైన ఎలుక గొట్టం దగ్గరికి వెళ్తుంది, తవ్వదు. కాళ్లలో బలం ఉంటుంది, గుళికలు ఎదురుగానే ఉంటాయి.

ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే పళ్లెంలో మల్లెలు, తడిపిన అరటినార పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, నార ఒక చుట్టు, ఒక ముడి, ఆ పని ఆమె చూడకుండానే చేసేది, సీరియల్ చూస్తూ, నాతో మాట్లాడుతూ. ఆ రోజు రెండు పూలు ఇటు పెట్టింది, రెండు అటు పెట్టింది, నార పట్టుకుంది, ఆగిపోయింది. పూలు తీసేసి మళ్లీ పెట్టింది. మళ్లీ ఆగిపోయింది. నేను చీకటి పడే దాకా గమనించలేదు, అప్పటికి నార ఎండిపోయి బిరుసెక్కింది. మొదట చూపించిన చోట వయసు మీద పడింది, టెన్షన్ తగ్గించుకోండి అని చెప్పి బి కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపారు. మేమూ నమ్మేశాం. ఏడాదిన్నర అలాగే గడిచిపోయింది.

మలూచి చేసినవాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది 2003లో వచ్చిన ప్రయోగం. ఎలుకలకు ప్రయాన్ ఎక్కించి, జబ్బు మొదలయ్యాక, నాడీకణాల్లో మాత్రం ప్రయాన్ వంకర తిప్పే ఆ మామూలు ప్రోటీన్ తయారు కాకుండా దాని జన్యువును తీసేశారు. దాంతో వంకర తిరగడానికి ఆ కణాల్లో కొత్త సరుకు ఉండదు. చుట్టూ ఉండే గ్లియా కణాల్లో మాత్రం ఆ వంకర ప్రోటీన్ పేరుకుంటూనే పోయింది, చావుకు దగ్గరైన ఎలుకల మెదడులో ఎంత ఉంటుందో అంత. అయినా ఎలుకలు ఆరోగ్యంగా ఉన్నాయి. మెదడులో అప్పటికే పడిన స్పాంజి లాంటి చిల్లులు కూడా పూడుకుపోయాయి.

అంటే మెదడులో అంత చెత్త ఉన్నా ఎలుక బతికే ఉంది. అల్జీమర్స్ మీద, పార్కిన్సన్స్ మీద మన ఆలోచన అంతా ఆ పేరుకున్న చెత్త చుట్టూ తిరుగుతున్న రోజుల్లో వచ్చిన ఫలితం ఇది. చెత్త పేరుకోవడానికీ కణం చావడానికీ మధ్య ఇంకేదో మెట్టు ఉందని దాని అర్థం.

ఆ మెట్టు ఏదో 2012లో ఆమె జట్టు నేచర్ పత్రికలో చూపించింది. పెర్క్ పొయ్యిలు ఆర్పేసింది, పాడైన సరుకు వస్తూనే ఉంది కాబట్టి అవి మళ్లీ వెలగలేదు. ఇక్కడ నాడీకణం సంగతి వేరు. చర్మం కణమైతే చచ్చినా పక్కది విభజన చెంది ఆ చోటు నింపుతుంది, నాడీకణానికి ఆ వీలు లేదు. పైగా దాని సైనాప్స్‌లలో ప్రోటీన్లు ఎప్పటికప్పుడు అరిగిపోతుంటాయి, ఎప్పటికప్పుడు కొత్తవి అందాలి. పొయ్యి ఆరిన ఇంట్లో పిల్లలు ఎన్ని రోజులుంటారు? ముందు సైనాప్స్‌లు రాలిపోతాయి, తర్వాత కణమే పోతుంది. ఆ ఎలుకల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగంలోకి వైరస్ ద్వారా గాడ్34ను అదనంగా పంపితే, అంటే పొయ్యి మళ్లీ వెలిగించే మనిషిని పంపితే, ప్రోటీన్ల తయారీ కోలుకుంది, సైనాప్స్‌లు నిలిచాయి, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. సాలుబ్రినాల్ అనే రసాయనంతో ఫాస్ఫేట్‌ను ఊడిపోకుండా ఉంచితే ఇంకా త్వరగా చచ్చిపోయాయి. రెండు వైపుల నుంచీ సాక్ష్యం దొరికింది. ప్రయాన్ చెత్త మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

పెద్దమ్మ ప్రశ్నకు ఇదీ జవాబు. కాపాడటానికి పెట్టుకున్న ఏర్పాటే ఆగకుండా నడిస్తే చంపేస్తుంది. చనిపోయిన అల్జీమర్స్, పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో కూడా పెర్క్ మేల్కొని ఉన్న గుర్తులు దొరికాయి కాబట్టి ఇది ఒక్క ఎలుకల కథ అనుకోలేం.

తర్వాత ఏడాది, 2013లో, ఇంకో అడుగు ముందుకేశారు. పెర్క్‌ను అడ్డుకునే జీఎస్‌కే 2606414 అనే పదార్థాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చారు. లక్షణాలు రాకముందు మొదలుపెట్టిన ఎలుకల్లోనూ, ప్రవర్తనలో తేడా కనిపించాక మొదలుపెట్టిన ఎలుకల్లోనూ నాడీకణాలు నిలిచాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ప్రపంచమంతా పత్రికలు అల్జీమర్స్‌కు మందు దొరికినట్టే రాశాయి. దొరకలేదు. ఆ ఎలుకలు బరువు తగ్గాయి, రక్తంలో చక్కెర పెరిగింది, ఎందుకంటే క్లోమం రోజంతా ఇన్సులిన్ లాంటివి గంపలకొద్దీ వండే అవయవం, దానికి పెర్క్ కాపలా లేకపోతే కుదరదు. పుట్టుకతోనే పెర్క్ జన్యువు పాడైన పిల్లలు ఉంటారు, వోల్కాట్ రాలిసన్ సిండ్రోమ్ అంటారు, వాళ్లకు పసితనంలోనే షుగర్ వస్తుంది. దగ్గరి సంబంధాల్లో ఎక్కువ కనిపించే జబ్బు అది, మేనరికాలు చేసుకునే మనం పేరు తెలుసుకుని ఉండాల్సింది.

కాబట్టి పొయ్యి ఆర్పే మనిషిని పూర్తిగా పనిలోంచి తీసేయకూడదు, కొంచెం మెత్తబరచాలి. వాల్టర్ ల్యాబులో దొరికిన ఇస్రిబ్ అనే పదార్థం ఆ పని చేస్తుంది, తయారీని కొంతవరకే తిరిగి తెస్తుంది. 2015లో మలూచి జట్టు దాన్ని వాడితే ఎలుకల నాడీకణాలు నిలిచాయి, క్లోమం దెబ్బతినలేదు. ఇక 2017లో, ఇప్పటికే ఉన్న మందుల్లో ఈ పని చేసేది ఏదైనా ఉందా అని 1040 పదార్థాలు తీసుకుని మొదట సన్నని నులిపురుగుల్లో, తర్వాత కణాల్లో, ఎలుకల్లో వడపోశారు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి ట్రాజొడోన్, డిప్రెషన్‌కు ఎప్పటినుంచో వాడుతున్న మాత్ర. రెండోది డైబెంజాయిల్ మీథేన్, అతిమధురం వేరులో అతి కొద్దిగా ఉండే పదార్థం.

అతిమధురం అనగానే ఏమవుతుందో మీకు తెలుసు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రోజూ పరగడుపున చెంచాడు చూర్ణం అని వచ్చేసింది. దయచేసి అలా చేయకండి. ఆ వేరులో డైబెంజాయిల్ మీథేన్ ఉండేది చాలా తక్కువ, గ్లిసిరైజిన్ అనే ఇంకో పదార్థం మాత్రం ఎక్కువే ఉంటుంది, అది బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. అరవై దాటి బీపీ మాత్రలు వేసుకుంటున్న వాళ్లకు అది ప్రమాదం.

మరి ట్రాజొడోన్ సంగతి? బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులు తీసి చూసిన పరిశోధన 2019లో వచ్చింది. వేరే డిప్రెషన్ మందులు వాడినవాళ్లతో పోలిస్తే ట్రాజొడోన్ వాడినవాళ్లకు మతిమరుపు జబ్బు తక్కువ వచ్చిందన్న ఆధారం దొరకలేదు. కండరాలను నడిపే నాడీకణాలు చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్నవాళ్ల మీద ఎంఎన్‌డీ స్మార్ట్ అనే ట్రయల్‌లో ట్రాజొడోన్‌ను పరీక్షించారు, ఉపయోగం కనిపించలేదని 2023లో ఆ భాగాన్ని ఆపేశారు. ఇస్రిబ్ దారిలోనే తయారైన రెండు మందులు, డీఎన్‌ఎల్343, ఫోసిగోటిఫేటర్, అమెరికాలో అదే జబ్బు మీద జరిగిన హీలీ ట్రయల్‌లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. అది 2025 జనవరిలో తెలిసింది.

ఇది చదివి మా తమ్ముడు "అయితే అంతా వృథా అన్నమాట" అన్నాడు. నాతో చాలామంది అదే అంటారు. ఎలుకల్లో అన్నీ నయమవుతాయి, మనుషుల్లో ఏదీ కాదు అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. పన్నెండు వారాల్లో ముగిసే ఎలుక జబ్బు, ఏళ్ల తరబడి పాకే మనిషి జబ్బు ఒకటి కాకపోవచ్చు. ఎలుకకు సరిపోయిన మోతాదు మనిషి మెదడులో చాలకపోయి ఉండొచ్చు. ఎలుక మెదడును తీసి ఫాస్ఫేట్ ఎంత తగ్గిందో కొలవొచ్చు, బతికున్న మనిషి మెదడును అలా తీసి చూడలేం కదా. చెత్త తీయడం దండగ అని కూడా నేను అనను. అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ అనే చెత్తను తొలగించే మందు లెకానెమాబ్ 18 నెలల్లో అల్జీమర్స్ దిగజారుడును 27 శాతం నెమ్మదింపజేసింది, తక్కువే కావచ్చు, అబద్ధం కాదు.

అయినా ఆ ప్రయోగాలు వృథా అంటే నేను ఒప్పుకోను. నేను ఎన్నిసార్లు చదివినా తేలేది ఒకటే, కణం ఒక్కసారిగా చావదు. ముందు చాలా రోజులు పస్తుంటుంది. ఆ పస్తుల రోజుల్లో అన్నం పెడితే తిరిగి కోలుకుంటుంది, సైనాప్స్‌లు మళ్లీ నిలబడతాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ప్రవర్తనలో తేడా కనిపించాక మందు మొదలుపెట్టిన ఎలుకల్లో కూడా నాడీకణాలు నిలిచాయంటే, గొట్టం తవ్వడం మానేసిన రోజున కణాలు ఇంకా బతికే ఉన్నాయన్నమాట. ఆకలితో ఉన్నాయి, చావలేదు. మనుషులు ట్రయల్‌లో చేరేది ఎప్పుడు? కాలో చెయ్యో పట్టు తప్పి, డాక్టర్ల చుట్టూ తిరిగి, జబ్బు పేరు తేలిన తర్వాత. పార్కిన్సన్స్‌లో చెయ్యి వణికే నాటికి మెదడులో కదలికలను నడిపే చోట ఉండే డోపమిన్ కణాల్లో దాదాపు సగం పోయి ఉంటాయని చెబుతారు. పోయిన కణానికి పొయ్యి వెలిగించి ఏం లాభం?

ఈ మందులు త్వరగా మొదలుపెడితే పనిచేసేవని నేను చెప్పడం లేదు, ఆ మాట ఇంకా ఎవరూ నిరూపించలేదు. నేనంటున్నది మనలాంటి ఇళ్ల గురించి. ఆ పస్తుల రోజులను మనం టెన్షన్ అని, వయసని, మొగుడు పోయిన బెంగ అని పేర్లు పెట్టి దాటేస్తున్నాం. రేపు నిజంగా పనిచేసే మందు వచ్చినా మన అమ్మలకు అది అందేసరికి పన్నెండో వారం అయి ఉంటుంది. మతిమరుపు లాగా కనిపించేవాటిలో థైరాయిడ్ తేడా, బి12 లోపం, డిప్రెషన్ లాంటివి కూడా ఉంటాయి, వాటికి ఈ రోజే మందులున్నాయి, అవి తేలాలన్నా ముందు ఎవరో ఒకరు ఇది టెన్షన్ కాదు పరీక్ష చేయిద్దాం అనాలి కదా. అది మా ఇంట్లో అనాల్సింది నేను. నేను అనలేదు.

మలూచి వేసిన ఇంకో దారి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాకు చాలా ఇష్టం. చలికి నిద్రాణంలోకి వెళ్లే జంతువుల మెదడులో సైనాప్స్‌లు ఊడిపోతాయి, మెలకువ వచ్చేసరికి తిరిగి అతుక్కుంటాయి. మామూలు ఎలుకల శరీరాన్ని 16–18 డిగ్రీల దాకా చల్లబరిచి మళ్లీ వెచ్చబరిస్తే వాటిలోనూ అదే జరిగింది. ఆ అతుకులు తిరిగి రావడానికి ఆర్‌బీఎం3 అనే ప్రోటీన్ కావాలని 2015లో చూపించారు. చలికి పుట్టే ప్రోటీన్ అది. జబ్బు కొంత ముందుకు సాగిన ఎలుకల్లో అది పెరగదు, అతుకులు తిరిగి రావు. బయటి నుంచి దాన్ని పెంచితే ఎలుకలకు మేలు జరిగింది. మనిషిని అంత చల్లబరచలేం కాబట్టి చలి లేకుండానే దాన్ని పెంచే ఉపాయం కోసం చూస్తున్నారు. ట్రాజొడోన్ ఓడిపోయిందని ఎవరూ తాళం వేసుకుని ఇంటికి వెళ్లిపోలేదు.

ఇప్పుడు అమ్మను చూస్తున్న డాక్టర్‌ను ట్రాజొడోన్ గురించి నేనే అడిగాను. ఆయన జబ్బు ఆగుతుందని చెప్పలేదు, నేనూ అలా అడగలేదు. అర్ధరాత్రి లేచి "మా ఇంటికి పోతాను" అని తలుపు గడియ తీయబోతోంది, నిద్ర కోసమే రాశారు, చిన్న మోతాదు. తొమ్మిదిన్నరకు వేస్తాను. నాలుగింటి దాకా పడుకుంటుంది, పక్కన నేనూ పడుకుంటాను.

మొన్న శుక్రవారం పెద్దమ్మ ఫోన్ చేసి టెన్షన్ మాట ఎత్తలేదు. ఆమె మరిదిగారు ఈమధ్య బస్సు దిగాక ఇంటి దారి తెలియక రెండుసార్లు అక్కడే నిలబడిపోయారట. "పొయ్యి ఇంకా వెచ్చగానే ఉందంటావా?" అని అడిగింది. ఏమో పెద్దమ్మా, ఈ వారమే తీసుకురా, పరీక్ష చేయిద్దాం అన్నాను. బుధవారం వస్తున్నారు.